కువైట్‌లో చిక్కిన ఫిర్యాది

ఫర్వానియా, కువైట్
జూలై 1990, శుక్రవారం

కాకినాడ కోర్టులో నల్లకోటు తొడుక్కొని తిరిగే శ్రీ కుక్కుటేశ్వరరావు ప్లీడరు గారికి, మూగవాడి నోట మాట పుట్టించిన ప్రభువు పేరిట పరంజ్యోతి వందనాలు.

తమరు నన్ను చూడలేదు, నేను తమరిని చూడలేదు. పిఠాపురం పక్కన మా పేటలో ప్రార్థన పాకకు వెళ్లే దారిని పొలం ఆసామి ముళ్లకంచె వేసి మూసేశాడు. మా అన్న తమరి దగ్గరికొచ్చి దావా వేయించాడు. పాక కట్టించింది నేను గనక వకాల్తా మీద సంతకం నాది. అలా నేను తమరి కక్షిదారుణ్ణి.

నేనిక్కడ సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో వంటవాణ్ణి. శుక్రవారం సెలవు. ఈ దేశంలో శుక్రవారమే మాకు ఆదివారం. ఆ రోజు ఫర్వానియాలో సురేష్ బాబు అనే మా ఊరి కుర్రాడి గదికి వస్తాను. మంచాలు గోడకు నిలబెట్టి, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకూ ఆస్పత్రి నర్సులకూ వాక్యం చెబుతాను. నాకు ఏ పట్టా లేదు, ఏ బడీ లేదు. చేపలు పట్టేవాళ్లకు ఏ పట్టా ఉంది?

సంగతికి వస్తాను. తప్పు చేసిన సహోదరుడి విషయంలో ప్రభువు ఒక పద్ధతి పెట్టాడు. ముందు ఒంటరిగా చెప్పాలి. వినకపోతే సాక్షుల్ని పెట్టుకుని చెప్పాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. దావా ఎంతవరకు వచ్చిందని తమరికి ఒంటరిగా ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాసి, నర్సు కరుణమ్మ చేతా సురేష్ బాబు చేతా సాక్షి సంతకాలు పెట్టించాను. జవాబు లేదు. ఇక సంఘమే మిగిలింది. ప్లీడర్ల సంఘం హైదరాబాదులో ఉందనీ దాన్ని బార్ కౌన్సిల్ అంటారనీ తెలిసి దానికి రాశాను. తమరు కాపరి కారనీ, జీతానికొచ్చిన మనిషనీ, తోడేలును చూసి గొర్రెల్ని వదిలేశారనీ రాశాను. తమరి కోసం సంఘమంతా ఒక పూట ఉపవాసముండి ప్రార్థన చేయాలని కూడా కోరాను.

ఇట్లు,
జవాబు కోసం కళ్లు కాయలు కాసిన
పరంజ్యోతి

తా.క.: "కోపం కొంచెం తగ్గించి రాయన్నా" అన్నాడు సురేష్ బాబు. తగ్గించాను. మొదటి ప్రతిలో తమరిని సర్పసంతానం అన్నాను.


కాకినాడ
జూలై 1990

ఫిర్యాదుదారు శ్రీ పరంజ్యోతి గారికి, ప్రతివాది కుక్కుటేశ్వరరావు తన హక్కులేవీ వదులుకోకుండా చేయు నమస్కారం.

మీ పుణ్యమా అని నా పేరు మొట్టమొదటిసారి హైదరాబాదు చేరింది. నా చేతికి వచ్చిన నోటీసు చదివి మా గుమాస్తా ఖాజా హుస్సేన్ అడిగాడు: "సార్, తోడేలు ఎవరు సార్? పొలం ఆసామా? జడ్జీ గారా?" జడ్జీ గారు కాదని నిరూపించుకోవడం ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

అయ్యా, మీ ఉత్తరాలు రెండూ అందాయి. దావా వాయిదా పడింది. ఆ తర్వాత వాయిదా పడింది. ఆ తర్వాతా వాయిదా పడింది. పడిన వాయిదాకు ఉత్తరం ఏం రాయను? ఏదైనా జరిగినప్పుడు రాద్దామనుకున్నాను. జరగలేదు. కోర్టు తెలిసినవాడెవడూ దీన్ని నేరమనడు.

ఇంకొకటి మీకు తెలిసినట్టు లేదు. మీరనుకుంటున్న సంఘం వేరు, ఇది వేరు. బార్ కౌన్సిల్ వాళ్లు ఉపవాసం ఉండరు. మధ్యాహ్నం శుభ్రంగా భోంచేసి వచ్చి క్రమశిక్షణ కమిటీగా కూర్చుంటారు. వాళ్లకు తప్పు కనిపిస్తే నా సన్నదు ఊడబెరుకుతారు. సన్నదంటే నేను కోర్టులో నోరు విప్పడానికి సర్కారు ఇచ్చిన హక్కు. అది పోతే ఈ వయసులో నాకు వచ్చిన పని ఇంకేదీ లేదు. వంట కూడా రాదు.

కాబట్టి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
కుక్కుటేశ్వరరావు, అడ్వకేటు

తా.క.: మీ కమిటీ అధ్యక్షుడు నన్ను అడగబోయే మొదటి ప్రశ్న "ఉత్తరాలకు జవాబు ఎందుకివ్వలేదు?" అని. ఆయనకు నేను రాసిన వాటికి ఆయనా జవాబివ్వలేదు. దీన్ని నా డిఫెన్సులో పెట్టవచ్చా అని ఆలోచిస్తున్నాను.


సాల్మియా, కువైట్
ఆగస్టు 1990

ప్లీడరు కుక్కుటేశ్వరరావు గారికి, అగ్నిగుండంలో ముగ్గురితో పాటు నడిచిన ప్రభువు పేరిట వందనాలు.

తమరి ఉత్తరం ఈ దేశానికి వచ్చిన ఆఖరి టపాలో వచ్చింది. మర్నాడు తెల్లవారేసరికి ఇరాక్ టాంకులు వచ్చాయి. ఇప్పుడు టపా లేదు, ఫోను లేదు. బాంకు తలుపులు మూసున్నాయి. ఖుబ్బూస్ రొట్టె కోసం ఉదయం నుంచీ ఎండలో వరసలో నిలబడితే, మన ముందు మనిషి దాకా వచ్చి "ఖలాస్", అయిపోయింది, అంటారు.

మా కఫీలు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో వేసవికి లండన్ వెళ్లాడు. ఇంట్లో నేనూ, యజమానురాలు పెంచుకునే చిలకా మిగిలాం. నా పాస్‌పోర్టు కఫీలు ఇనప్పెట్టెలో ఉంది. ఇనప్పెట్టె ఇక్కడుంది. తాళంచెవి లండన్‌లో ఉంది.

మనవాళ్లంతా బస్సులు మాట్లాడుకుని బాగ్దాదు మీదుగా అమ్మాన్ పోతున్నారు. అక్కణ్ణించి విమానాలట. నేనూ మూట కట్టుకుని వెళ్లాను. బస్సు పెద్దమనిషి "పాస్‌పోర్టు ఏదీ?" అన్నాడు. చెప్పాను. "అన్నా, దండం పెడతాను. నిన్నెక్కించుకుంటే సరిహద్దులో బస్సు మొత్తాన్ని దింపేస్తారు. లోపల పసిపిల్లలున్నారు" అన్నాడు. కరుణమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి "పాస్టరన్నా, నేనూ దిగిపోతా" అంది. "దిగావంటే శపిస్తా" అన్నాను. ప్రసంగంలో కూడా నేనంత గట్టిగా అరవలేదు. సురేష్ బాబు నావైపు చూడకుండా తల దించుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఈ ఉత్తరం కరుణమ్మ చేతిలో ఉంది. బొంబాయిలో పోస్టు చేస్తుంది.

తమరి సన్నదు సంగతి తెలియదు ప్లీడరు గారూ. సంఘం పిలిచి బుద్ధి చెబుతుందనీ, తమరు సిగ్గుపడి జవాబు రాస్తారనీ, అంతటితో మనం సహోదరులమవుతామనీ అనుకున్నాను. ఒకడి నోట్లో మాట తీసేయడం నా ఉద్దేశం కాదు. వెనక్కి తీసుకోవడానికి సిద్ధమే.

ఇట్లు,
చేప కడుపులో కూర్చున్న యోనాలాంటి
పరంజ్యోతి

తా.క.: టమాటాలు తెచ్చే లారీ డ్రైవరు అబ్దుల్ సలాం అమ్మాన్ నుంచి వచ్చి పోతుంటాడు. అమ్మాన్ కూరగాయల మార్కెట్టులో ఆయన పేరున రాస్తే నాకు అందిస్తానన్నాడు.

రెండో తా.క.: చట్టప్రకారం ఒక ప్రశ్న. ఫిర్యాదు వెనక్కి తీసుకున్న తర్వాత కూడా తమరు నాకు ఉత్తరాలు రాస్తారా?


కాకినాడ
ఆగస్టు 1990

ఫిర్యాది పరంజ్యోతి గారికి, ప్రతివాది నమస్కారాలు.

మీ ఉత్తరం కరుణమ్మ గారి దస్తూరీలో చిరునామాతో క్షేమంగా వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నందుకు సంతోషం. కాగితం టైపు చేయించి ఇందులో పెట్టాను. కిందున్న గీత మీద సంతకం చేయండి. కమిటీ వచ్చే నెలలో కూర్చుంటుంది.

మీ చట్టపరమైన ప్రశ్నకు జవాబు: ఫిర్యాదీ ప్రతివాదీ అన్న సంబంధం ఉన్నంతవరకే మన ఉత్తరాలకు ఆధారం. ఫిర్యాదు పోయాక ఆధారం పోతుంది. ఆధారం లేని ఉత్తరప్రత్యుత్తరాలు చెల్లవు.

పాస్‌పోర్టు లేనివాళ్లకు మన ఎంబసీ ఆఫీసర్లు వేరే పత్రం ఏదో ఇస్తున్నారని పేపర్లో చూశాను. కనుక్కోండి. చిలకను పట్టుకుని కూర్చోవద్దు.

ఇట్లు,
కుక్కుటేశ్వరరావు

తా.క.: మా అబ్బాయి చదువుకున్న పాత అట్లాసు తీసి కువైట్ ఎక్కడుందో చూశాను. నా చిటికెనవేలి గోటికింద మొత్తం దేశం కనబడకుండా పోయింది. వేలు తీసి మళ్లీ చూశాను. ఉంది.


సాల్మియా
సెప్టెంబరు 1990

ప్లీడరు గారికి, కాకుల చేత రొట్టె పంపించిన ప్రభువు పేరిట వందనాలు.

సంతకం చేయను!

కాగితం అందింది. గీత కూడా కనబడింది. పెన్ను తీశాను. ఫిర్యాదు పోతే ఉత్తరాలు చెల్లవన్న తమరి మాట చదివి పెన్ను మూసేశాను. చట్టం అలా ఉంటే నేనేం చేయను? ఫిర్యాదు నడవాల్సిందే. పైగా దానికి అదనపు అభియోగాలు చేర్చి కరుణమ్మకు పంపుతున్నాను, హైదరాబాదుకు పోస్టు చేయమని. అవేమిటంటే, తమరు కాగితానికి ఒకవైపే రాస్తారు. రెండోవైపు ఖాళీగా వదిలేస్తారు. ఇంట్లో ఎవరెవరున్నారో రాయరు. ఏం తిన్నారో రాయరు. అట్లాసు చూసిన సంగతి తా.క.లో పడేస్తారు, అసలు ఉత్తరమంతా అదే అయి ఉండాల్సింది. వీటన్నిటికీ తమరు విడివిడిగా జవాబివ్వాలి.

పత్రం ఇచ్చే ఆఫీసరు కోసం వెళ్లాను. మూసిన గేటు ముందు నాలాంటి వాళ్లు కొందరు నిలబడి ఉన్నారు. ఆఫీసు బస్రాకు పోయిందన్నారు. బస్రా వెళ్లాలంటే సరిహద్దు దాటాలి. సరిహద్దు దాటాలంటే పత్రం కావాలి.

శుక్రవారం ఫర్వానియా నడిచివెళ్లాను. గదిలో ఎవరూ లేరు. అలవాటు కొద్దీ మంచాలు గోడకు నిలబెట్టాను. వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినబడి ఆగిపోయాను. మంచాలు మళ్లీ వాల్చి వచ్చేశాను. ఇప్పుడు ఇంట్లో చిలకకే చెబుతున్నాను. దానికి రెండే మాటలు వచ్చు. ప్రసంగం మొదలెడితే "యల్లా", పద పద, అంటుంది. మంచి పట్టు దొరికి నేను చెయ్యెత్తేసరికి "ఖలాస్" అంటుంది. ఫర్వానియా సంఘంలో ఇంత ధైర్యం ఎవరికీ లేదు.

మొన్న ఒక ఇరాకీ సిపాయి తుపాకీతో లోపలికొచ్చాడు. మీసాలు నెరిశాయి.

"ఇంట్లో ఎవరు?" అన్నాడు.

"నేను. చిలక."

"తినడానికి ఏముంది?"

పప్పుచారు పెట్టాను. తుపాకీ ఫ్రిజ్జుకు ఆనించి నాలుగు పళ్లేలు తిన్నాడు. బల్ల మీద తమరి ఉత్తరం చూసి ఏమిటది అన్నాడు. "మహ్‌కమా" అన్నాను, అంటే కోర్టని. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"నువ్వేం చేశావ్?"

"నేను కాదు. ఆయన. నా ఉత్తరాలకు జవాబివ్వలేదు. పై సంఘానికి ఫిర్యాదు చేశాను."

మళ్లీ కూర్చున్నాడు. "మా ఆవిడ కూడా రాయడం లేదు. ఆ సంఘం మోసుల్ కేసులు తీసుకుంటుందా?" అన్నాడు.

తీసుకోదన్నాను. తుపాకీ భుజాన వేసుకుని, వాకిట్లో ఆగి, "నీది అదృష్టం. నీకు ఆ కాగితమన్నా ఉంది" అని వెళ్లిపోయాడు.

ఇట్లు,
కేసు వదలని
పరంజ్యోతి

తా.క.: తమరి ఉత్తరం బట్టల మధ్య దాచలేదు. బల్ల మీదే ఉంచాను. ఇంట్లోకి ఎవరైనా వస్తే, నాకోసం అడిగేవాళ్లు ఒకరున్నారని తెలియాలి.


కాకినాడ
సెప్టెంబరు 1990

పరంజ్యోతి గారికి నోటీసు.

ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, క్రమశిక్షణ కమిటీ చర్యల విషయమై జోక్యం చేసుకోవలసిందిగా నేను హైకోర్టులో రిట్ పిటిషన్ దాఖలు చేశాను. అందులో బార్ కౌన్సిల్ మొదటి రెస్పాండెంటు. మీరు రెండో రెస్పాండెంటు. ప్రభుత్వం మూడోది.

ఈ కింది వివరాలు వెంటనే పంపవలెను. మీ పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు. పాస్‌పోర్టు నంబరు గుర్తుంటే అది. కఫీలు పేరు. ప్రస్తుతం మీరు పడుకుంటున్న ఇల్లు ఎక్కడ, ఏ వీధి, దగ్గర్లో ఏ గుర్తు. పగలు ఎప్పుడు ఇంట్లో ఉంటారు. నోటీసు ముట్టినట్టు సంతకం.

కుక్కుటేశ్వరరావు

తా.క.: పిటిషన్‌లో ఏమడిగానో ఇందులో రాయను. దారిలో ఈ కవరు ఎందరు విప్పుతారో తెలియదు. అడిగిన వివరాలు మాత్రం పంపండి. వాదించకండి.


సాల్మియా
సెప్టెంబరు 1990

కుక్కుటేశ్వరరావు గారికి, పిలాతు ముందు నోరు విప్పని ప్రభువు పేరిట, నోరు విప్పబోతున్న పరంజ్యోతి వ్రాయునది.

నన్ను రెస్పాండెంటును చేశారా? నాకు ఇంగ్లీషు రాకపోవచ్చుగాని అబ్దుల్ సలాంకు వచ్చు. రెస్పాండెంటంటే కోర్టుకు బదులు చెప్పుకోవలసినవాడని చెప్పాడు. అంటే ముద్దాయి! ఫిర్యాదు చేసింది నేను, ముద్దాయిని నేను! ఎక్కడ పడుకుంటున్నానో కావాలా? పగలెప్పుడు ఇంట్లో ఉంటానో కావాలా? నోటీసు పట్టుకొచ్చే కోర్టు అమీనాను పంపిస్తారా? పంపించండి! ఈ దేశం చుట్టూ ఇంత పెద్ద సైన్యం ఉంది, మీ అమీనా వెనక వరసలో నిలబడాలి!

పౌలు సంకెళ్లతో రాజుల ముందు నిలబడ్డాడు. నేను మీ హైకోర్టు ముందు నిలబడలేనా? రాసుకోండి. పరంజ్యోతి, తండ్రి దానియేలు, పిఠాపురం పక్కన పేట. పాస్‌పోర్టు నంబరు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఉంది, ఈ కాగితం వెనక ఎక్కించాను. కఫీలు పేరు కూడా అక్కడే ఉంది. సాల్మియాలో సముద్రం వైపు వీధి. ఎదురుగా అద్దాలు పగిలిన మిఠాయి కొట్టు, పక్కన కాలిపోయిన ఎర్ర కారు. పగలు ఎప్పుడు ఇంట్లో ఉంటానా? ఎప్పుడూ ఉంటాను! ఎక్కడికి పోతాను? ఎవరింటికి పోతాను?

ముట్టినట్టు సంతకం ఇదిగో. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాను.

మీరు నా మీద కోర్టుకెళ్లినందుకు కోపం లేదు. అబద్ధం, ఉంది. కానీ దానికోసం కాదు. ఇన్నాళ్లూ మీ కవరు వస్తే ముందు తా.క. చదివేవాణ్ణి. అక్కడ మనిషి ఉండేవాడు. ఈసారి తా.క.లో కూడా ప్లీడరే ఉన్నాడు.

వంటింట్లో బియ్యం అడుగంటింది. చిలక గింజలు చిలకకున్నాయి. దాన్ని చూసి ఈర్ష్యపడకూడదని ప్రార్థిస్తున్నాను.

పరంజ్యోతి
రెండో రెస్పాండెంటు

తా.క.: రెస్పాండెంటు జవాబిస్తే దానికి పిటిషనరు మళ్లీ జవాబివ్వాలని అబ్దుల్ సలాం అంటున్నాడు. కాబట్టి మీరు రాయాల్సిందే. చట్టం.


కాకినాడ
అక్టోబరు 1990

పరంజ్యోతి గారికి, మీకు జవాబు బాకీ పడిన కుక్కుటేశ్వరరావు నమస్కారాలు.

ముందుగా, ఈ కవరులో మడతపెట్టి ఉన్న పత్రాన్ని తీసి చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. అది పాస్‌పోర్టుకు బదులు. అమ్మాన్‌లోని మన ఆఫీసు మీ పేరున రాసి ముద్ర వేసి నాకు పంపింది. సరిహద్దులో చూపిస్తే వదులుతారు. అబ్దుల్ సలాంకు కూడా విడిగా కబురు వెళ్లింది. ఖాళీ లారీలో మిమ్మల్ని ఎక్కించుకుంటాడు. పత్రం చేతికొచ్చింది గనక ఇప్పుడు ఈ ఉత్తరం ఎవరు విప్పి చదివినా నాకు భయం లేదు.

ఇప్పుడు పిటిషన్ సంగతి. మీ చిరిగిన సంతకం చూసి మా ఖాజా హుస్సేన్ "సార్, ఈయనకు ఇప్పుడైనా చెప్పేయండి సార్" అని నిలదీశాడు. చెబుతున్నాను.

గత నెల క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. మీరు రాలేదు. అధ్యక్షుడు ఫైలు ముయ్యబోతూ "ఫిర్యాది హాజరు కాలేదు, వచ్చే వాయిదాకు ఫిర్యాదు కొట్టేస్తాం. ప్లీడరు గారూ, ఇక మీరు నిశ్చింతగా వెళ్లవచ్చు" అన్నాడు. నేను గౌను సర్దుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్లాను. మెట్ల మీద ఆగిపోయాను. మీ సిపాయి అన్న మాట గుర్తొచ్చింది.

వెనక్కి వచ్చి కొట్టేయవద్దన్నాను. ఆయన నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని మంచినీళ్లు ఇప్పించాడు. అందుకే హైకోర్టుకెళ్లాను. నా మీది ఫిర్యాదును కొట్టేయకుండా కమిటీని ఆపమని అడిగాను. ఫిర్యాదికి అడ్డప్రశ్నలు వేసే హక్కు నాకుంది గనక, అతణ్ణి వెతికి తెప్పించేలా ప్రభుత్వానికి ఉత్తర్వు ఇవ్వమని అడిగాను. నా సొంత కేసు నేనే వాదించుకున్నాను. జడ్జీ గారు పిటిషన్‌ను తిరగేసి, బోర్లేసి చదివారు.

"మిస్టర్ రావ్, ఫిర్యాదు మీ మీదేనా?"

"నా మీదే మైలార్డ్."

"కొట్టేస్తామంటే మీకు వచ్చిన కష్టం ఏమిటి?"

"ఫిర్యాది కువైట్‌లో ఉన్నాడు మైలార్డ్."

"అంతకంటే మీకు ఏం కావాలి?" అన్నారు. కోర్టంతా నవ్వింది. బార్ కౌన్సిల్ తరఫు వకీలు బల్ల గుద్ది మరీ నవ్వాడు.

నవ్వు ఆగాక చెప్పాను. "మైలార్డ్, ఫిర్యాదు కొట్టేస్తే అతను ఈ కోర్టుకు ఎవరు? పాస్‌పోర్టు లేని ఒక వంటవాడు. అక్కడ చిక్కిన ఎందరిలోనో ఒకడు. ఫిర్యాదు బతికుంటే అతను సాక్షి. సాక్షిని తెప్పించమని అడిగే హక్కు నాకుంది. ఒంటరిగా ఉన్న మనిషిని తీసుకురమ్మని అడిగే హక్కు కోసం పుస్తకాలన్నీ వెతికాను. ఏ సెక్షనులోనూ దొరకలేదు."

జడ్జీ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఫిర్యాది రుజువు చేస్తే మీ సన్నదు పోవచ్చు. తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "అతని దగ్గర సాక్ష్యం ఉందా?" అన్నారు. "గట్టిదే ఉంది మైలార్డ్. ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉత్తరం రాశాడు. నేను జవాబివ్వలేదు" అన్నాను. అంతటితో ప్రభుత్వ వకీలు వైపు తిరిగి, ఈయన చెబుతున్న మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని, ప్రయాణానికి కావలసిన పత్రం ఇప్పించి కోర్టుకు తెలపమన్నారు. అతను వచ్చేదాకా కమిటీ ఫైలు ముయ్యకూడదన్నారు. ఆ ఉత్తర్వుకు మీ వీధి, మీ మిఠాయి కొట్టు, మీ కాలిన కారు కావలసి వచ్చాయి. మీరు తిట్టి పంపినా తప్పుల్లేకుండా పంపారు.

ఆధారం లేని ఉత్తరాలు చెల్లవని రాశాను. అది ఏ చట్టంలోనూ లేదు. చతురు అనుకున్నాను. సరిహద్దులకవతల చతురు అర్థం కాదని మీ కరుణమ్మ గారు నాకు విడిగా ఉత్తరం రాసి గడ్డిపెట్టింది. ఆవిడ మీకంటే గట్టి ప్రసంగీకురాలు.

మీ అదనపు అభియోగాలకు జవాబు కూడా ఇక్కడే ఇస్తున్నాను. ఇంట్లో నేనొక్కణ్ణే. అబ్బాయి ఢిల్లీలో ఉద్యోగం, ఆవిడ పోయి చాలాకాలమైంది. ఇవాళ పొద్దున హోటలు ఇడ్లీ తిన్నాను. కాగితానికి రెండోవైపు రాయకపోవడానికి కారణం, ఇంతకాలం రెండోవైపుకు సరిపడా మాటలు ఉండేవి కావు. ఇది నాలుగో కాగితం. రెండువైపులా రాశాను.

వెంటనే బయలుదేరండి. అక్కడ పెద్ద యుద్ధం వస్తుందని పేపర్లన్నీ రాస్తున్నాయి. వచ్చి, హైదరాబాదులో కమిటీ ముందు నిలబడి, మీకు తెలిసిన లేఖనాలన్నీ నా మీద ప్రయోగించండి. సన్నదు ఉంటుందో పోతుందో తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
మీ రాకకై కోర్టు ఉత్తర్వుతో సహా ఎదురుచూచు
కుక్కుటేశ్వరరావు

తా.క.: బొంబాయి నుంచి తంతి ఇవ్వండి. సామర్లకోట స్టేషనుకు నేనే వస్తాను. మనం ఒకరినొకరం చూసుకోలేదు గనక నల్లకోటు తొడుక్కుని ప్లాట్‌ఫారం మీద నిలబడతాను. అయితే కేసు విచారణలో ఉండగా ఫిర్యాదీ ప్రతివాదీ బయట మాట్లాడుకోవడం మర్యాద కాదు. కాబట్టి నన్ను పలకరించకండి. మీరు ముందు నడవండి. పెట్టె నేను మోసుకుంటూ వెనకే వస్తాను.